మడత పెట్టిన మూల

నాకు కంప్యూటరంటే పడదని గోడౌనులో ఒక మాట పుట్టించారు. పచ్చి అబద్ధం. ఇరవై రెండేళ్లు కార్డులు రాసినదాన్ని. సరుకు లోపలికొస్తే కార్డు మీద ఒకసారి, పెద్ద పుస్తకంలో ఒకసారి, నెలాఖరు పట్టీలో ఒకసారి, రాసిందే రాసి నా మధ్యవేలికి కాయ కాసింది. ఆ కాయను చూసినవాళ్లెవరూ నాకు కాగితమంటే ప్రేమ అనుకోరు. కంప్యూటరు వస్తోందని మీటింగు పెట్టి చెప్పిన రోజు మొదట చప్పట్లు కొట్టింది నేనే. తర్వాత జరిగిన రభసలో నన్ను పాతకాలపు మనిషి కింద జమకట్టారు కాబట్టి ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

మాది బరువులెత్తే సామాను గోడౌను. గొలుసులు, కొక్కేలు, ఇనుప తాళ్లు, కప్పీలు. ఫ్యాక్టరీల వాళ్లు, పెద్ద పెద్ద భవనాలు కట్టేవాళ్లు మా దగ్గరే తీసుకుంటారు. పొడుగాటి రేకుల షెడ్డు, అందులో పద్దెనిమిది వరసల ర్యాకులు. ప్రతి అర ముందూ ఒక రేకు జేబు, ఆ జేబులో ఒక అట్ట కార్డు. ఆ అరలో సరుకు ఎప్పుడొచ్చింది, ఎంతొచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది, అంతా నా చేతిరాత. అలాంటి కార్డులు రెండు వేల పైచిలుకు. అందుకే హమాలీలు నన్ను కార్డులక్క అంటారు. ఆ లెక్కన మా ఆయన వాళ్లకు బావ. నేను మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి ఆయన ఎప్పుడైనా వస్తే అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడికి చేసినంత హడావిడి చేస్తారు.

కార్డు మీద రాత ఒకటే కాదు, మడత కూడా ఉండేది. పై కుడి మూల మడిచి ఉందంటే ఆ అరలో సరుకు బయటికి పోకూడదు. ఎంత తొందర ఉన్నా, ఎవరు అడిగినా పోకూడదు. చదువు రానివాడికైనా పదడుగుల దూరం నుంచే ఆ మడత కనపడుతుంది. మడిచినవాళ్లే దాన్ని విప్పాలి. ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఇది నాకంటే ముందు స్టోరు చూసిన పెద్దాయన పెట్టిన పద్ధతి.

ఆయన ఆ పద్ధతి పెట్టడానికి కారణం మా ఆయన కుడిచెయ్యి. అప్పట్లో మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఒకరోజు మోటారును పైకెత్తుతుంటే కొక్కెం సాగి నోరు తెరిచేసింది. మోటారు వచ్చి చేతి మీద పడింది. చూపుడువేలు, మధ్యవేలు పోయాయి. ఆ కొక్కెం మా గోడౌను నుంచి వెళ్లిందే. ఆ సరుకు మంచిది కాదని ఇక్కడ ముందే తెలుసు. 'ఇవ్వొద్దు' అని ఒక చీటీ రాసి అరకు అంటించారు కూడా. ఆ చీటీ ఊడి కిందపడింది, ఊడ్చేవాళ్లు దాన్ని చెత్తతో పాటు ఊడ్చేశారు. పెద్దాయన ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన చాలాసేపు నిలబడి, "తప్పు నాదేనమ్మా" అన్నాడు. కంపెనీ వాళ్లు మా ఆయన చేతికి బదులుగా నాకు ఉద్యోగం ఇచ్చారు. మొదటిరోజు పెద్దాయన ఒక కార్డు తీసి, మూల మడిచి, గోటితో గీసి చూపించాడు. "చీటీ ఊడిపోతుందమ్మా. ఇది ఊడదు" అన్నాడు.

నేనూ ఊడదనే నమ్మాను. పధ్నాలుగో ర్యాకు రెండో అరలో కొక్కేల కార్డును నాలుగేళ్ల కిందట మడిచింది నేనే. డెబ్భై కొక్కేలు వచ్చాయి. ఒక్కొక్కటీ రెండు టన్నులు మోయాలి. బరువు వేసి చూస్తే టన్నున్నరకే మూడు తెరుచుకున్నాయి. ఇంకోదాన్ని నమూనాగా అమ్మినవాళ్లకు పంపాం. వాళ్లు మీదే తప్పన్నారు, మావాళ్లు మీదే తప్పన్నారు, ఉత్తరాలు నడిచాయి, నడిచి నడిచి ఆగిపోయాయి, ఆ ఫైలు హెడ్డాఫీసులో ఎక్కడో కలిసిపోయింది. పారేయమని సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మిగిలిన అరవై ఆరూ నా మడత వెనకాల అలాగే పడి ఉన్నాయి.

ఇప్పుడు నా తప్పు కూడా చెప్పుకోవాలి. కార్డుల్లో ఉన్నదంతా కంప్యూటరులోకి ఎక్కించడానికి సాఫ్ట్‌వేరు కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో ఎప్పుడూ లాప్‌టాప్ ఉంటుంది కాబట్టి హమాలీలు పేరు పెట్టడానికి ఎక్కువసేపు ఆలోచించలేదు. లాప్‌టాప్ అమ్మాయి వారం రోజులు నా వెంటే తిరిగింది. ర్యాకు నంబరంటే ఏమిటి, ఈ ఎర్ర గీత దేనికి, ఈ పొట్టి సంతకం ఎవరిది, అన్నీ అడిగి రాసుకుంది. మడత సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికొచ్చిన చుట్టానికి తలుపు తోసుకుని లోపలికి రావాలని ఎవరైనా చెబుతారా? నాకది అంత తెలిసిన విషయం. చెప్పాల్సినదని తోచనే లేదు.

అంతలో మా ఆయనకు కంటి ఆపరేషను. మూడు రోజులు సెలవు పెట్టాను.

నాలుగో రోజు పొద్దున్నే వచ్చేసరికి రేకు జేబులన్నీ ఖాళీ. ప్రతి అరకూ నల్ల గీతల స్టిక్కరు అంటించి ఉంది. గుమ్మం పక్కన పదకొండు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి, పైన 'పాత పేపరు' అని రాసుంది. నేను గబగబా ఒక పెట్టె తెరిచాను. నా కార్డులే. కట్టలు కట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, ఒకదాని మీద ఒకటి ఇస్త్రీ చేసిన బట్టల్లా ఉన్నాయి.

లాప్‌టాప్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అయిపోయింది మేడమ్! మూడు రోజుల్లో మొత్తం స్కాన్ చేసేశాం. కొన్ని కార్డుల మూలలు మడతపడి ఉన్నాయి, మెషీన్‌లో ఇరుక్కుపోతుంటే స్కేలు పెట్టి అన్నీ నేనే సాపు చేశాను. ఒక్కటి కూడా చిరగలేదు, చూడండి."

ఆ పెట్టె మీదే కూర్చున్నాను.

"మేడమ్, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది తల్లీ. నువ్వు సాపు చేసిన మూలలు ఎన్ని?"

"లెక్కపెట్టలేదు. ముప్పై, నలభై ఉంటాయేమో."

అప్పుడు చెప్పాను. మడత అంటే ఏమిటో, ఎందుకొచ్చిందో, మా ఆయన వేళ్ల సంగతితో సహా మొత్తం. ఆ పిల్ల మొహంలో వెలుగు ఆరిపోయింది. తిడదామనే అనుకున్నాను గానీ నోరు రాలేదు. ఒక్క కార్డు చిరగకుండా అంత ఓపికగా పనిచేసిన పిల్లను ఏమని తిట్టను? ఆమె లాప్‌టాప్ తెరిచింది.

"సాఫ్ట్‌వేర్‌లో దీనికి దారుంది మేడమ్. హోల్డ్ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే ఆ సరుకు ఎంత లాగినా బయటికి రాదు. మీ మడత లాంటిదే."

నా ప్రాణం లేచొచ్చింది. "ఇంకేం, నొక్కు."

"నాకు ఆ అధికారం లేదు, నేను బయటి మనిషిని. మీ పేరుతో లోపలికి వెళ్లి చూద్దాం." నా పేరు కొట్టింది. తెర తెరుచుకుంది. బటన్ ఉంది, కానీ బూడిద రంగులో ఉంది. నేను నొక్కాను. మళ్లీ నొక్కాను. రాయిని నొక్కినట్టే ఉంది.

"మీ హోదాకి ఇవ్వలేదు మేడమ్. సరుకు తీసుకోవడం, పంపడం, లెక్క సరిచూడడం, ఈ మూడే ఇచ్చారు. హోల్డ్ హెడ్డాఫీసు చేతిలో ఉంది. వాళ్లు సరేనంటే తప్ప నేను మీకు తెరవకూడదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లూ నా గోటితో చేసిన పని చేయడానికి ఇప్పుడు నాకు హోదా లేదట. సరుకు పంపడానికి పనికొచ్చిన మనిషి ఆపడానికి పనికిరాదా?

ఆ మాటే మేనేజరు గదిలోకి వెళ్లి అడిగాను. మేనేజరు వచ్చి మూడు నెలలు. చొక్కా నలగనివ్వడు, గొంతు పెంచడు, చెడ్డవాడేం కాదు. భయస్తుడు. పైనుంచి ఫోను మోగితే కుర్చీలోంచి సగం లేచి మాట్లాడతాడు.

"జాబితా ఇవ్వండమ్మా, పైకి పంపిస్తాను. పదిహేను రోజుల్లో చూస్తారు" అన్నాడు.

"ఈ పదిహేను రోజుల్లో ఆర్డరు వస్తే సార్?"

"రాదులెండి."

జాబితా ఇవ్వాలంటే ముందు ఆ మూలలు దొరకాలి. పాత పేపరు కొనేవాడు శనివారం వస్తాడని తెలిసి, ఆ పదకొండు పెట్టెలనూ హమాలీల చేత నా బల్ల చుట్టూ కోటలా పేర్పించాను. ఒక్కో కార్డూ తీసి, కళ్లు మూసుకుని, పై మూలను వేలికొసతో తడిమాను. ఏళ్ల తరబడి మడిచి ఉన్న అట్టను ఎంత సాపు చేసినా ఆ గీత దగ్గర గరుకు పోదు. లాప్‌టాప్ అమ్మాయి తన పని మానుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. మొదటి గంట ఆమెకేమీ తెలియలేదు. మధ్యాహ్నానికి "అక్కా, ఇదిగో ఒకటి!" అని అరిచింది. మేడమ్ పోయి అక్కను అయ్యాను. రెండు రోజుల్లో నలభై ఒక్క కార్డులు దొరికాయి. కొక్కేల కార్డు తొమ్మిదో పెట్టెలో ఉంది.

నలభై ఒకటీ రాసి మేనేజరుకి ఇచ్చాను. ఆయన పైకి పంపాడు. పైనుంచి 'అందింది' అని జవాబొచ్చింది. అంతే, ఇంకేం రాలేదు.

ఆర్డరు మాత్రం అయిదో రోజునే వచ్చింది. ఎక్కడో పదంతస్తుల భవనం కడుతున్నారట. నలభై కొక్కేలు కావాలి, మధ్యాహ్నం రెండు గంటలకు లారీ వస్తుంది. నా చేతిలో కొత్త స్కానరు కీచుమని, ఎక్కడికి వెళ్లాలో చూపించింది. పధ్నాలుగో ర్యాకు, రెండో అర. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలని దానికి నేర్పారు. పదిహేనో ర్యాకులో ఈ మధ్యే వచ్చిన మంచి కొక్కేలు యాభై ఉన్నాయి. వాటి మీద స్కానరు పెడితే ఎర్ర దీపం వెలిగి, ఇవి కావు పొమ్మంది.

మేనేజరు గదికి వెళ్లాను.

"సార్, పధ్నాలుగులోవి నేను ఇవ్వను. కొత్తవి పంపడానికి అనుమతి ఇప్పించండి."

"సిస్టమ్ ఏది చెబితే అది పంపాలమ్మా. మొదటి వారంలోనే మనం సొంత పెత్తనం చేస్తే పైవాళ్లు నన్నడుగుతారు."

"అవి బరువుకు తెరుచుకుంటాయి సార్."

"ఎక్కడ రాసుంది?" ఆయన తెరను నా వైపు తిప్పాడు. కార్డు బొమ్మ కనపడుతోంది. నా రాత, అరవై ఆరు, సాపుగా ఉన్న నాలుగు మూలలు. "పాడైన సరుకని ఇందులో ఎక్కడా లేదు కదా."

"రాయలేదు సార్. మడిచాను."

"మడిస్తే ఎలాగమ్మా? ఏదైనా ఒక కాగితం ఉండాలి."

నాకు నవ్వాగలేదు. ఇక కాగితమన్నది గోడౌనులో కనపడకూడదని మొన్న మీటింగులో చెప్పిన మనిషి ఇవాళ నన్ను కాగితం అడుగుతున్నాడు.

నవ్వేసరికి ఆయనకు కోపమొచ్చింది. "మీరు ఇవ్వకపోతే మేస్త్రి చేత ఎత్తిస్తాను" అన్నాడు.

హమాలీల మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని, నా వైపు చూసి, నేల వైపు చూసి అన్నాడు: "అక్క మడిచిన సరుకు మేం ముట్టం సార్."

"ఇప్పుడు మడతలు లేవు."

"అక్క ఉంది కదా సార్."

ఆ మాటకు నాకు కళ్లు చెమర్చాయి. వెంటనే భయమూ వేసింది. మేస్త్రి రోజుకూలీ మనిషి. రేపటి నుంచి రావద్దంటే అడిగే దిక్కు లేదు. నా మొండితనానికి వాడి ఇంట్లో పొయ్యి ఆరిపోవడం నాకిష్టం లేదు. "నువ్వు వెళ్లు తమ్ముడూ, నేను చూసుకుంటాను" అని పంపించేసి, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను.

గంట పన్నెండున్నర. ఆ బూడిద బటన్ వైపు చూస్తూ కూర్చుంటే మా ఆయన చెయ్యి కళ్లముందు కదిలింది. ఆయన చొక్కా గుండీ పెట్టుకోవడం మళ్లీ నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదీ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నన్ను దగ్గరికి రానివ్వకుండా, ఉన్న వేళ్లతోనే కుస్తీ పట్టేవాడు. ఇప్పుడు ఆ పదంతస్తుల భవనం కింద తలకు గుడ్డ చుట్టుకుని నిలబడేవాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లకు నేనూ తెలియదు. అయినా వాళ్లకూ ఆ కొక్కేలకూ మధ్య ఉన్నది నేనొక్కదాన్నే.

నాకు ఇచ్చినవి మూడు పనులు. తీసుకోవడం, పంపడం, లెక్క సరిచూడడం. మూడోది నొక్కాను. పధ్నాలుగో ర్యాకు, రెండో అర, కళ్లతో చూసిన లెక్క ఎంత అని అడిగింది. సున్నా కొట్టాను. కారణం అడిగింది. ఇచ్చిన వాటిలో 'సరుకు కనపడలేదు' అన్నది పట్టుకున్నాను. నిజమా అని ఇంకోసారి అడిగింది. ఇరవై రెండేళ్లలో నేను రాసిన మొదటి దొంగ లెక్క అది. నిజమే అని నొక్కాను.

స్కానరు కీచుమంది. పదిహేనో ర్యాకుకు పొమ్మంది. నలభై మంచి కొక్కేలు రెండు గంటల లారీ ఎక్కి దర్జాగా వెళ్లిపోయాయి.

మర్నాడు పొద్దున నేను సంచీ బల్ల మీద పెట్టకముందే మేనేజరు పిలిచాడు. గదిలోకి వెళ్తే ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. లాప్‌టాప్ అమ్మాయి ఒక మూల నిలబడి గోళ్లు కొరుక్కుంటోంది. బల్ల మీద ఫోను, స్పీకరు పెట్టి ఉంది. అవతల హెడ్డాఫీసు మేడమ్.

"అరవై ఆరు కొక్కేలు ఒక్కరోజులో మాయమయ్యాయని సిస్టమ్ చెబుతోంది. అవెక్కడికి పోయాయి?" అందామె.

"ఎక్కడికీ పోలేదు మేడమ్. ఉన్నచోటే ఉన్నాయి. ఎవరినైనా పంపి లెక్కపెట్టించుకోండి, ఒక్కటి తగ్గినా నాదే పూచీ."

"మరి సున్నా ఎందుకు వేశారు?"

"ఆపే బటన్ నాకు ఇవ్వలేదు మేడమ్. సున్నా ఇచ్చారు. ఉన్నదాంతో ఆపాను."

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "చూశారా మేడమ్, తప్పుడు లెక్క వేశానని తనే ఒప్పుకుంటోంది. ఆ సరుకు బానే ఉంది. నేను స్వయంగా చూశాను, చిన్న గీత కూడా లేదు. ఒక్కొక్కటి రెండు టన్నులు మోస్తుందని సిస్టమ్‌లోనే ఉంది. ఇదంతా కొత్త పద్ధతి మీద కక్ష."

ఇక నేను ఆగలేకపోయాను. అరవలేదు. అరిస్తే ఆడదాని ఏడుపు కింద తీసిపారేస్తారని తెలుసు. నెమ్మదిగానే అన్నాను.

"సార్, బయట యార్డులో బరువులెత్తే చైన్‌పుల్లీ ఉంది. దాని పక్కనే మీ కొత్త కారు ఉంది. కారు బరువు టన్నుంపావో, టన్నున్నరో ఉంటుంది, అంతే. కొక్కెం రెండు టన్నులు మోస్తుందని మీరే అంటున్నారు. పధ్నాలుగులోంచి ఒకటి తెప్పిస్తాను. మీ కారును కట్టి తలెత్తు ఎత్తిద్దాం. మిమ్మల్ని కింద నిలబడమనను. కారొక్కటే."

ఆయన బల్ల మీది ఫోనును అటూ ఇటూ జరిపాడు.

"అవసరమేంటి ఇప్పుడు... కారుకీ దీనికీ సంబంధం..."

"రెండు నిమిషాల పని సార్. మేస్త్రిని పిలవనా?"

లాప్‌టాప్ అమ్మాయి గోళ్లు కొరుక్కోవడం మానేసింది. మేనేజరు జేబులో కారు తాళాల మీద చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి కారు వైపు ఒకసారి చూశాడు. అక్కడికే తేలిపోయింది. నాకు కోపం కూడా పోయి, ఆయన మీద ఒకలాంటి జాలి కలిగింది. జాలి కలిగినా మాట ఆపలేదు.

"మీ కారును కూడా నమ్మి తగిలించలేని కొక్కేన్ని మనుషుల నెత్తి మీదికి పంపమంటారా సార్?"

ఫోనులో హెడ్డాఫీసు మేడమ్ గొంతు సవరించుకుంది. "ఆ బటన్ ఇస్తే బాధ్యత ఎవరు తీసుకుంటారు? రేపు మంచి సరుకును ఆపితే నష్టం ఎవరిది?"

"నాది. ఇరవై రెండేళ్లుగా నాదే. ఇంతకుముందు ఎవరూ అడగలేదు, అందుకని మీకు తెలియదు."

ఆమె, "ఇచ్చేయండి" అంది. మేనేజరుతో కాదు, లాప్‌టాప్ అమ్మాయితో. ఆ పిల్ల వేళ్లు కీబోర్డు మీద పరుగులు తీశాయి. నన్ను చెయ్యి పట్టుకుని నా బల్ల దగ్గరికి లాక్కొచ్చి, "నొక్కక్కా" అంది.

బూడిద రంగు పోయి ఎర్రగా ఉంది. ముందు పధ్నాలుగో ర్యాకు లెక్కను సున్నా నుంచి అరవై ఆరుకు సరిదిద్దాను. తర్వాత హోల్డ్ నొక్కాను. అది మళ్లీ కారణం అడిగింది. ఈసారి సొంతంగా రాసుకోవడానికి చోటిచ్చారు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను: 'ఎత్తితే తెరుచుకుంటాయి. కింద మనుషులుంటారు.' తర్వాత మిగిలిన నలభై కూడా. సాయంత్రం అయిదయింది. లాప్‌టాప్ అమ్మాయి ఆ చివరి వరకూ నా పక్కనే కూర్చుంది. మా మేస్త్రి అయితే గుమ్మంలోంచి తొంగి చూసి, "అక్కా, మడతకి రంగు కూడా వేశారే!" అని వెళ్లాడు.

కథ అక్కడితో అయిపోతే నాకూ బాగుండేది. వారం తర్వాత మెమో వచ్చింది. సిస్టమ్‌లో తెలిసి తెలిసి తప్పుడు వివరం నమోదు చేసినందుకు నన్ను హెచ్చరించడమైనది అని ఉంది. ఇకపై ఇలా చేయనని క్షమాపణ రాసివ్వాలట. మేనేజరు మెమో నా బల్ల మీద పెట్టి, నా మొహం చూడకుండా, "పైనుంచి వచ్చిందమ్మా, నాదేం లేదు. రెండు ముక్కలు రాసిచ్చేయండి" అన్నాడు.

తప్పుడు లెక్క వేసిన మాట నిజమే. ఆ ముక్క రాశాను. రెండో ముక్క క్షమాపణ. కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, 'నా దగ్గర నుంచి ఆ బటన్ తీసేస్తే మళ్లీ ఇదే చేస్తాను' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. మేనేజరు చదివి, కవరులో పెట్టుకున్నాడు. దాని మీద పైవాళ్లు ఏం చేస్తారో ఈ రోజుకీ తెలియదు. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

మెమో మాత్రం సంచీలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. మా ఆయన వరండాలో నల్ల కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు ఆ రోజే చదవడానికి ఒప్పుకున్నాడట.

"ఏదైనా కాగితం ఇవ్వవోయ్, కన్ను ఎలా పనిచేస్తోందో చూద్దాం" అన్నాడు.

"మంచిదే తెచ్చాను" అని మెమో చేతిలో పెట్టాను.

జోడు తీసి, వెలుతురుకు తిప్పి, పెదాలు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. నేను చెప్పులు విడిచి, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. తిడతాడేమో, ఉద్యోగం సంగతి ఎత్తుతాడేమో అని చూస్తున్నాను. ఆయన కాగితాన్ని తొడ మీద పరిచి, కుడిచేతి బొటనవేలికీ, మిగిలిన రెండు వేళ్లకూ మధ్య పై మూలను పట్టుకున్నాడు. ఒకసారి జారింది. మళ్లీ పట్టుకున్నాడు. మూలను మడిచి, పెద్దాయన చేసినట్టే గోటితో గట్టిగా గీశాడు.

"ఇది బయటికి పోదు" అని నా చేతికిచ్చాడు.